కొల్లేటి గీత: ఐదడుగులా, మూడడుగులా?

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఆ రెంటిలో దేనికిని పూర్తిగా చెందక, రెంటి మురుగునీటిని తనలోనికి తీసికొనుచున్న కొల్లేటి సరస్సును గూర్చి గడచిన పాతికేండ్లలో జరిగినంత వాదోపవాదము ఆంధ్రదేశమున మరి యే సహజ సరస్సును గూర్చియు జరిగియుండదు. న్యాయస్థానముల ఉత్తరువులు, శాసనసభ తీర్మానము, నిపుణుల సంఘపు నివేదిక, ప్రేలుడు పదార్థములతో తెగగొట్టిన చెరువుగట్లు, ఎన్నిక ఎన్నికకును పునరుక్తమగు వాగ్దానములు – ఇవన్నియు ఒక్క ప్రశ్న చుట్టును పెనవేసికొని యున్నవి. వన్యప్రాణి అభయారణ్యపు ఎల్ల సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తున నుండవలెనా, మూడడుగుల ఎత్తున నుండవలెనా?

పైకి చూచినచో ఇది సర్వేశాఖవారు గొలుసు పట్టుకొని తేల్చదగిన చిన్న విషయమువలె కనిపించును. కాని ఆ రెండడుగుల తేడాలో వేలాది ఎకరముల నేల, లక్షలాది జనుల జీవనము, ఖండాంతరములు దాటి వచ్చు పక్షుల విడిది, రెండు డెల్టాల వరదనీటి దారి ఇమిడి యున్నవి. వాదము ముదిరిన కొలదియు ఒక పక్షమువారు పక్షులకు మాత్రమే వకాల్తా పుచ్చుకొన్నవారుగను, రెండవ పక్షమువారు చేపల చెరువులకు మాత్రమే కాపలాదారులుగను చిత్రింపబడిరి. ఈ చిత్రణము ఇరుపక్షములకును అన్యాయమే. ఇంతకంటె పెద్ద లోపమేమనగా, గీతను గూర్చిన ఈ కలహమున సరస్సునకు ప్రాణమైన నీటి ప్రసక్తి వెనుకబడిపోయినది.

సరస్సు నైజము

కొల్లేరు లోతైన సరస్సు కాదు. రెండు మహానదులు తమ ఒండ్రుతో డెల్టాలను ముందునకు పెంచుకొనిపోగా నడుమ మిగిలిపోయిన పల్లపు నేల యిది. కొన్ని వేల యేండ్ల క్రిందట సముద్రపు టంచు ఈ ప్రాంతముననే యుండెననియు, తీరము దక్షిణమునకు జరిగిన కొలదియు ఉప్పుకయ్య మంచినీటి సరస్సుగా మారెననియు భూవిజ్ఞానుల అభిప్రాయము. మైలవరపు కొండల నుండి బుడమేరు, ఖమ్మము మెట్టల నుండి తమ్మిలేరు, వీనికి తోడుగా రామిలేరు మొదలగు వాగులు, చిన్నవి పెద్దవి కలిపి అరువదికి పైబడిన కాలువలును డ్రైనులును దీనిలో పడును. ఇన్ని వచ్చు దారులకు పోవుదారి ఒక్కటే: ఆకివీటి వైపున మొదలై, వంకరలు తిరుగుచు సుమారు అరువది కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరు ఉప్పుటేరు.

ఈ రాకపోకలు సమతూకమున లేకుండుటయే కొల్లేటి కథకు మూలము. గొప్ప వరద వచ్చినపుడు లక్ష క్యూసెక్కులకు పైగా నీరు సరస్సులో పడగలదని నీటిపారుదల లెక్కలలో చాలకాలముగా చెప్పబడుచున్నది. ఉప్పుటేరు మోయగలది పండ్రెండు, పదునైదు వేల క్యూసెక్కులు మాత్రమే. మిగిలిన నీరంతయు కొన్నాళ్లు ఎక్కడనో నిలువవలసినదే. అది నిలుచుటకై ప్రకృతి విడిచిపెట్టిన స్థలమే కొల్లేరు. ఆ స్థలమునకు గట్లు కట్టినచో నీరు నిలుచుట మానదు. ఊళ్లలోను వరిచేలలోను నిలుచును. వేసవిలో పరిస్థితి తలక్రిందులగును. ఎగువ నుండి వచ్చు నీరు సన్నగిల్లి సరస్సు మట్టము పడిపోయినపుడు ఉప్పుటేటి వెంట సముద్రపు పోటు ఎగబ్రాకి మంచినీటిలో ఉప్పు కలుపును. అనగా ఏటికి రెండు పర్యాయములు, రెండు విరుద్ధ కారణములచేత, కొల్లేరు తన ఎల్లలను మార్చుకొనును. ఇట్టి సరస్సునకు స్థిరమైన ఒక్క గీతను గీయబూనుటలోనే కొంత చిక్కు ఇమిడియున్నది.

ఈ రాకపోకలకు తగినట్లే పూర్వపు జీవనముండెడిది. లంకలపై నిలిచిన గ్రామములను అధికారులు బెడ్డు గ్రామములనియు, ఒడ్డునున్న వానిని బెల్టు గ్రామములనియు పిలుతురు. మొదటివి నలుబదియారు, రెండవవి డెబ్బదియారు అని చెప్పుదురు. వడ్డి కులస్థులు తాటిదోనెలపై తిరుగుచు, మావులు పెట్టి, వలలు పన్ని కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి, జెల్ల పట్టుకొనెడివారు. నీరు తీసిన నేలలో దాళ్వా వరి వేసెడివారు. ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు చుట్టుపట్ల జనమంతయు చేరుట నేటికిని ఆగలేదు. అయితే ఈ పూర్వజీవనమును స్వర్ణయుగముగా వర్ణించుట కొందరు పర్యావరణ రచయితలకు అలవాటైపోయినది. వరద వచ్చిన యేట పైరు కుళ్లి, ఎండిన యేట చేప కరవై, త్రాగునీటికి మైళ్లు దోనె నడుపుకొని పోవలసి వచ్చిన ఊళ్లవి. చేపల చెరువు వచ్చినపుడు ఆ జనము దానిని చేతులు చాచి స్వాగతించుటకు కారణమును ఆ బీదరికములోనే వెదకవలెను.

చెరువుల యుగము

1852లో ధవళేశ్వరము వద్ద గోదావరిపైనను, 1855లో బెజవాడ వద్ద కృష్ణపైనను ఆనకట్టలు పూర్తియైన పిదప కొల్లేటి నీటి స్వభావము మారినది. వానకాలపు వాగులనే నమ్ముకొన్న సరస్సులోనికి కాలువల క్రింద పండు వరిచేల మిగులునీరు వచ్చి పడసాగినది. ఇరువదవ శతాబ్దపు రెండవ సగమున ఆ నీటితోబాటు రసాయనపు ఎరువులు, పురుగుమందులు, బెజవాడ, ఏలూరు, గుడివాడ పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థము చేరినవి. గుర్రపుడెక్క అల్లుకొనినది, కిక్కిస బలిసినది. 1960 దశకమున డెల్టా మురుగునీటి సమస్యను పరిశీలించిన మిత్రా సంఘము నాటినుండి ఉప్పుటేటిని వెడల్పు చేయుట, వంకరలను తప్పించు తిన్నని కాలువలను త్రవ్వుట అను సూచనలు వినబడుచునే యున్నవి. కొన్ని జరిగినవి, పెక్కు కాగితములపై నిలిచినవి.

చేపల చెరువులు ఎవరో చాటుగా త్రవ్వినవి కావు. ఈ సత్యమును రెండు పక్షములవారును సౌకర్యము కొలది మరచుచుందురు. 1970 దశకమున జలగం వెంగళరావు ప్రభుత్వము కొల్లేటి పేదలను, ముఖ్యముగా మత్స్యకారులను, షెడ్యూల్డు కులములవారిని సహకార సంఘములుగా ఏర్పరచి, సరస్సు గర్భమున వారికి భూములిచ్చి, చెరువులు త్రవ్వించినది. ఉద్దేశము మంచిది. కాని చెరువు పెంపకమునకు గట్టు కావలెను, చేపపిల్ల కావలెను, తవుడు, తెలికపిండి, మందులు కావలెను. ఇంత పెట్టుబడి సంఘములయొద్ద లేదు. క్రమముగా ధనవంతులు ఆ చెరువులను లీజునకు తీసికొనిరి. సంఘ సభ్యులు కాగితముపై యజమానులుగను, చెరువుగట్టుపై కూలీలుగను మిగిలిరి. సంఘముల చెరువులను చూచి సొంత పట్టాభూములుగల జిరాయితీ రైతులు త్రవ్విరి; జిరాయితీ చెరువులను చూచి ఏ హక్కును లేనివారు సరస్సు నడిబొడ్డున గట్లు పోసికొనిరి. బొచ్చె, శీలావతి మంచుపెట్టెలలో లారీలకెక్కి హౌరా బజారునకును, అస్సాము వైపునకును పయనమైనవి. కైకలూరు, ఆకివీడు, భీమవరము పట్టణముల నేటి సంపదకు ఈ వర్తకమే పునాది.

ఇరువదియొకటవ శతాబ్దపు ఆరంభమున తీసిన ఉపగ్రహ చిత్రములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఐదడుగుల ఎల్లకు లోపలనే దాదాపు 100 చదరపు కిలోమీటర్ల మేర చేపల చెరువులు ఆక్రమించి యుండుట కనుగొనిరి. తెరిపి నీరు కంటికానక, గట్ల నడుమ చతురస్రములుగా కోయబడిన నీరే పటమంతట కనిపించినది.

అభయారణ్యము, ఆపైన ఆపరేషను

1999 అక్టోబరు 4వ తేదీన రాష్ట్రప్రభుత్వము 120వ నెంబరు జీవోద్వారా ఐదడుగుల కాంటూరునకు (సమాన ఎత్తు రేఖకు) లోబడిన 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతమును, అనగా సుమారు డెబ్బదియేడు వేల ఎకరములను, వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. సాంప్రదాయికమైన చేపలవేటకు అనుమతి యున్నది. గట్లు కట్టి చేపలు పెంచుట నిషిద్ధము. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికకెక్కినది. ఇట ఒక విచిత్రము కలదు. రామ్‌సర్ పట్టికలో నమోదైన వైశాల్యము 90,100 హెక్టార్లు. అది పదియడుగుల కాంటూరు వరకు విస్తరించిన కొల్లేరు. లోకమునకు మనము చూపిన సరస్సు చట్టమున మనము కాపాడుదుమన్న సరస్సునకు మూడింతలకు దగ్గరగా నున్నది.

జీవో వెలువడిన పిదప ఆరేండ్లు చెరువులు యథాతథముగా సాగినవి. సర్వోన్నత న్యాయస్థానమును, దాని కేంద్ర సాధికార సంఘమును కలుగజేసికొన్న తరువాత, 2005 వరదల అనుభవము కూడ తోడై, వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము 2006 పూర్వార్ధమున ‘ఆపరేషన్ కొల్లేరు’ అను పేర గట్ల కూల్చివేతకు పూనుకొనెను. జేసీబీ యంత్రములకు లొంగని చోట్ల ప్రేలుడు పదార్థములను వాడిరి. దేశమున చిత్తడినేల పునరుద్ధరణమునకు ఇంత పెద్దయెత్తున, ఇంత వేగముగ జరిగిన ప్రయత్నము మరియొకటి అరుదు. గట్లు తెగినవి, నీరు కలిసినది, ఆ నీటిలో తమ జీవనాధారము కొట్టుకొనిపోయినదని వేలాది కుటుంబములు వాపోయినవి. పునరావాసపు హామీలు గట్లు తెగినంత వేగముగ నెరవేరలేదు.

2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభయారణ్యపు ఎల్లను మూడడుగుల కాంటూరునకు తగ్గింపవలెనని ఏకగ్రీవముగా తీర్మానించెను. అదే సభ, అదే ప్రభుత్వము, రెండేండ్ల క్రిందట గట్లు తెగగొట్టించిన వారే అనుట గమనింపదగినది. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేక అభయారణ్యపు సరిహద్దులను మార్చుటకు వీలులేదు. సర్వోన్నత న్యాయస్థానపు అనుమతియు కావలెను. కావున శాసనసభ తీర్మానము ప్రార్థన మాత్రమే. దానిపై కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ నియమించిన అజీజ్ సంఘము 2011లో సమర్పించిన నివేదికలో ఎల్లను తగ్గించుట తగదనియు, జిరాయితీ భూములకు పరిహారమిచ్చి వానిని తీసికొనుట మేలనియు పలికినది. ఆ తరువాత వచ్చిన ప్రభుత్వములు, పార్టీభేదము లేక, మూడడుగుల మాటనే తిరిగి తిరిగి పలికినవి.

మూడు పక్షములు

మొదటి పక్షము సంరక్షణవాదులది. వీరి వాదము సూటియైనది. ఐదడుగుల గీతయే ఒక రాజీ. పదియడుగుల వరకు నిండు సరస్సులో మూడవవంతు మాత్రమే చట్టపు నీడకు వచ్చినది. ఇక దానిని మూడడుగులకు కుదించినచో మిగులునది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఆ భాగము నడిసరస్సు. కాని పక్షులలో పెక్కు నడినీటిని కోరవు. నీటికాళ్ల పక్షులు, కొంగలు, బాతులు మేసికొనునది అంచుల పలుచని నీటిలోను, బురదలోను, తుంగలోను. ఏ అంచు పక్షులకు ఆహారమిచ్చునో ఆ అంచే గట్లు వేయుటకు అనువైనది కూడ. కావున రెండడుగుల కోత వైశాల్యమున కొంత భాగమును మాత్రమే తీసినట్లు కనిపించినను, సరస్సునకు సారమైన భాగమును తీసినట్లగును. ఈ వాదమునకు శాస్త్రబలము కలదు. లోపమెచ్చటనన, అంచున నివసించు మనుష్యుని గూర్చి వీరి నివేదికలలో సానుభూతివాక్యములు దండిగా నున్నను లెక్కలు తక్కువ.

రెండవది జీవనోపాధి పక్షము. దీనిని ఒక్క పక్షముగా చెప్పుట వాడుక. నిజమునకు దీనిలో కనీసము మూడు విధముల జనులున్నారు, వారి న్యాయములు వేరువేరు. తాతల నాటి పట్టాలతో, శిస్తు కట్టుచు వచ్చిన జిరాయితీ రైతులు మొదటివారు. అభయారణ్యము లోపల ఇట్టి భూమి సుమారు 14,861 ఎకరములని ప్రభుత్వపు లెక్క. వీరి హక్కులను విచారించి, పరిహారము నిర్ణయించుటకు చట్టమున స్పష్టమైన విధానమున్నను, ఆ పని పూర్తికాకయే నిషేధము వచ్చి పడినది. తమ భూమి తమది కాదనరు, తమదనియు అననీయరు. ఈ స్థితి ఏ రైతునకైనను దుర్భరము. ప్రభుత్వమిచ్చిన డి-ఫారం పట్టాదారులు రెండవవారు. వీరి భూమి సుమారు 5,510 ఎకరములు. పేదలకిచ్చిన అసైన్డు భూమిని అన్యాక్రాంతము చేయరాదని 1977 నాటి చట్టము చెప్పుచుండగా, వాస్తవమున దానిపై ఫలమనుభవించినది లీజుదారులు. ఆ లీజుదారులు, ఆక్రమణదారులు మూడవవారు. ఊరేగింపులలో ముందు నడచువారు మొదటి రెండు తెగలవారు. ఎల్ల తగ్గిన పిదప ఎక్కువ లాభపడువారు మూడవ తెగవారు. ఈ తేడాను జీవనోపాధి పక్షపు నాయకులు ఎన్నడును విడమరచి చెప్పరు. సంరక్షణవాదులు కూడ అందరిని ‘చెరువు మాఫియా’ అను ఒక్క మాటతో కట్టివేసి, నిజమైన బాధితుని తమకు శత్రువుగా చేసికొందురు.

మూడవ పక్షము జలశాస్త్రజ్ఞులది, ఇంజనీర్లది. వీరి గొంతు తక్కువగా వినబడును గాని, వీరి ప్రశ్నలే లోతైనవి. ఐదడుగుల గీతను గీసినంత మాత్రమున సరస్సులో ఐదడుగుల మట్టమున నీరు నిలుచునా? వేసవిలో ఆ మట్టము నిలుపుటకు ఎగువ నుండి ఎంత నీరు విడువవలెను, ఏ కాలువ నుండి విడువవలెను? ఉప్పుటేటిపై రెగ్యులేటరు కట్టి వేసవిలో మూసినచో ఉప్పునీరు ఆగి మంచినీరు నిలుచును. వానకాలమున తలుపులు సకాలమునకు తెరువకున్నచో ఆకివీడు మొదలు ఏలూరు వరకు మునుగును. 2020 తరువాత ఇట్టి రెగ్యులేటర్ల ప్రస్తావన మరల వచ్చినది. ఏలూరు–కైకలూరు రహదారి సరస్సు నడుమ అడ్డుగట్టువలె నిలిచియున్నదనియు, చినఎడ్లగాడి, పెదఎడ్లగాడి వంతెనల క్రింద దారి చాలదనియు వీరు చెప్పుదురు. చెరువుగట్టు అక్రమమైనచో రహదారిగట్టు సక్రమమెట్లయ్యెనని ఒక కొల్లేటి రైతు అడిగినచో సమాధానమిచ్చుట కష్టమే.

బుడమేటి విషయము ఈ పక్షపు వాదమును 2024 సెప్టెంబరులో లోకమునకు చాటినది. గట్లు తెగి విజయవాడలో సగము ఊరిని ముంచిన ఆ నీరు చివరకు చేరవలసినది కొల్లేటికే. సరస్సు తీసికొనలేనప్పుడు నీరు వెనుకకు తన్నుట సహజము. ఆ వరదకు కొల్లేరే కారణమనుట అతిశయోక్తి. ఎగువ ఆక్రమణలు, గండ్లు, మళ్లింపు కాలువ చాలకుండుట ముఖ్యకారణములు. కాని కొల్లేటి విషయము పక్షిప్రేమికులకును మత్స్యరైతులకును మాత్రమే సంబంధించినదను భ్రమ ఆ వారముతో తొలగవలసినది.

పటముపైని గీతల పోలిక

ఈ గీతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కొన్ని విషయములు తేటపడును. పదియడుగుల గీత వరదకాలపు కొల్లేరు, 901 చదరపు కిలోమీటర్లు. దానిలో గ్రామములు, వరిచేలు, రహదారులు అన్నియు నున్నవి. దానిని అభయారణ్యము చేయుమన్న వారెవరును లేరు. ఐదడుగులది 308; మూడడుగులది 135. మొదటిది వరదలకు, రెండవది పక్షులకు, మూడవది వాగ్దానములకు అనుకూలమైనదని చెప్పిన పెద్ద తప్పు కాదు.

ఐదునకును మూడునకును నడుమనున్న నేల సుమారు 173 చదరపు కిలోమీటర్లు. ఎకరములలో నలుబదిరెండు వేల పైచిలుకు. జిరాయితీ, డి-ఫారం భూములను కలిపినను ఇరువదివేల నాలుగు వందల ఎకరములకు మించవు. అవి యన్నియు ఈ నడిమి పట్టీలోనే యున్నవనుకొన్నను పట్టీలో సగమైనను నిండదు. అనగా ఎల్లను తగ్గించుటవలన విడుదలయగు నేలలో సగమునకు పైగా ఎవరి పట్టాలోను లేని సరస్సు గర్భము. పట్టాదారునకు న్యాయము చేయుటకు పరిహారము చాలును, గీతను జరుపనక్కరలేదు. గీతను జరుపవలెననువారు ఆ మిగిలిన సగము ఎవరికి పోవునో చెప్పవలసియున్నది. ఈ వ్యాసకర్తకు మూడడుగుల వాదము నిలువదని తోచుటకు ముఖ్యకారణమిదియే.

అట్లని ఐదడుగుల గీత పవిత్రమైనదేమియు కాదు. అర్ధశతాబ్దిగా వాగులు తెచ్చిన పూడిక అడుగున పేరుకొనినది. గట్లు పోయుటకు త్రవ్విన మట్టి గుంటలను, దిబ్బలను చేసినది. కూల్చిన గట్ల మట్టి మరల అడుగునకే చేరినది. ఇట్టి నేలపై పూర్వపు సర్వేలనాటి గీత నేడు ఎచ్చట పడునో కొలిచి చూడనిదే తెలియదు.

గూడబాతుల సాక్ష్యము

కొల్లేటి పక్షులలో గూడబాతునకు విశేషస్థానము కలదు. 1940 దశకపు నడుమ కేరళీయుడైన పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లాలో కొల్లేటికి దాపునగల ఆరేడు గ్రామమున సుమారు మూడువేల గూడబాతులు ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుట కనుగొని లోకమునకు తెలిపెను. ఆ కాలమున ప్రపంచమునందలి పెద్ద గూడబాతుల కాలనీలలో అది యొకటి. 1975 ప్రాంతమునకు ఆ కాలనీ మాయమైనది. కాలక్రమము గమనింపదగినది: అభయారణ్యపు జీవోకు పాతికేండ్లు ముందే, చేపల చెరువుల విజృంభణమునకు ముందే, గూడబాతులు కొల్లేటిని వీడినవి. చెరువులే పక్షులను తరిమినవను సరళమైన కథ ఇట కొంచెము తడబడును.

పక్షులు మరల వచ్చిన తీరు ఇంకను చిత్రము. కైకలూరు చెంతనున్న ఆటపాకలో సుమారు 270 ఎకరముల నీటిపట్టు నేడు గూడబాతులకును, ఎర్రకాళ్ల కొంగలకును ముఖ్యమైన సంతానస్థానము. అది సహజమైన తెరిపి సరస్సు కాదు. గట్టు కట్టిన చెరువే. చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలను నిలుపగా పక్షులు వానిపై గూళ్లు కట్టినవి. చుట్టుపట్ల చేపల చెరువులనుండి వానికి కొంత ఆహారమును లభించుచున్నది. చెరువు యజమానులు వలలు కప్పి, టపాకాయలు కాల్చి వానిని తోలుటయు కద్దు. దీనినిబట్టి చేపల చెరువు పక్షికి మేలు చేయునని వాదించువారున్నారు. ఈ వాదమును అంగీకరింపలేము: గూడబాతు పెద్దచేపను మ్రింగగల పక్షి, చెరువున ఎట్లో నెగ్గుకొనివచ్చును. పలుచని బురదలో పురుగును, నత్తను, గడ్డివేరును ఏరుకొను ఉల్లంకులకును, సైబీరియా వైపునుండి వచ్చు బాతులకును ఆరేడడుగుల లోతుగల చెరువు ఎడారితో సమానము. ఒక్క పక్షి గెలుపును మొత్తము పక్షిలోకపు క్షేమముగా లెక్కించుట రెండు పక్షములవారును చేయుచున్న పొరపాటు. ఆటపాకలో గూళ్ల సంఖ్య పెరిగిన యేడు పత్రికలలో సంబరము. నీటికాళ్ల పక్షులు తరిగిన యేడు మౌనము.

ఒడిశాలోని చిల్కాతో కొల్లేటిని పోల్చుట వాడుక. అచట 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త ముఖద్వారము త్రవ్వి నీటి రాకపోకలను సరిచేయగా, చేపయు పెరిగినది, మత్స్యకారునకు దానివలన లాభము కలిగినది. 2002లో ఆ సరస్సు రామ్‌సర్ వారి ఆపన్న సరస్సుల పట్టికనుండి తొలగింపబడినది. కొల్లేటిలో గట్టుతో ప్రారంభించితిమి, చిల్కాలో నీటితో ప్రారంభించిరి. ఈ పోలికకు హద్దులున్నవి: చిల్కా ఉప్పుకయ్య, దాని అడుగున పట్టాభూములు లేవు, దానికి రెండు డెల్టాల మురుగు చేరదు. అచటను రొయ్యల మళ్ల తగవు పూర్తిగా తీరలేదు.

తేలవలసినవి

2025లో సర్వోన్నత న్యాయస్థానము కొల్లేటి అభయారణ్యపు సరిహద్దులను నేలపై గుర్తించు పనిని గడువులోగా ముగింపవలెనని ఆదేశించుటతో వివాదము మరల రగిలినది. పరిశీలనకై వచ్చిన కేంద్ర సాధికార సంఘమునకు లంక గ్రామముల జనులు గుంపులుగా ఎదురేగి తమ గోడు వినిపించిరి. 1999లో ప్రకటించిన ఎల్లకు రాళ్లు పాతుట పాతికేండ్ల పిదప జరుగుచుండుటయే ఈ వివాదమున ప్రభుత్వముల పాత్రను చెప్పకయే చెప్పుచున్నది.

రాళ్లు పాతిన తరువాత మిగులు ప్రశ్నలలో మొదటిది పరిహారము. 14,861 ఎకరములకు ఏ ధర? వరిభూమిగా చూచి వెల కట్టవలెనా, చేపల చెరువుగా చూచి కట్టవలెనా? రెండింటికిని హస్తిమశకాంతరము. చట్టవిరుద్ధమైన పెంపకమువలన పెరిగిన వెలను ప్రభుత్వమెట్లు చెల్లించునని ఒకరు, నిషేధించు నాటికి అది చట్టవిరుద్ధము కాదుగదాయని మరియొకరు. భూమిని తీసికొనక, దానిపై గట్టులేని సాంప్రదాయిక సేద్యమును చేసికొనుటకు ఏటేటా కొంత మొత్తము చెల్లించు మార్గమును కొందరు సూచింతురు. అది సర్కారు ఖజానాకు తేలిక, రైతు నమ్మకమునకు బరువు.

రెండవది డి-ఫారం పట్టాదారుల సంగతి. వీరికి భూమి యొక్క వెల ఇచ్చిన, అది లీజుదారుల చేతులలో పడదను హామీ ఏదియు లేదు. భూమికి బదులు అభయారణ్యమున చేపల వేటహక్కును సంఘములకే అప్పగించుట మేలని ఒక అభిప్రాయము కలదు. సరస్సులో సహజముగా దొరకు చేప అందుకు చాలునా యనునది నీరు నిలిచి, మురుగు తగ్గిన తరువాత తేలవలసిన విషయము, ముందుగా చెప్పలేము.

మూడవది నీరు. పట్టణముల మురుగును శుద్ధి చేయక కొల్లేటిలోనికి వదలుచున్నంతకాలము ఐదడుగుల నీరైనను, మూడడుగుల నీరైనను విషమే. ఈ బాధ్యత పురపాలక సంఘములది, కర్మాగారములది. వివాదమున వారి పేరు అరుదుగ వినబడును. కృష్ణకును గోదావరికిని నీటి పంపకముల లెక్కలలో సరస్సునకు ప్రత్యేకముగా ఇంత వాటా అని కేటాయించుట ఇంతవరకు వాదములకే పరిమితమైనది. తనకని ఒక వాటా లేని సరస్సు, కాలువల చివరనున్న రైతువలె, పైవారు వాడగా మిగిలినదానితోనే సరిపెట్టుకొనవలెను. ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టినచో వాని తలుపుల తాళములు ఎవరి చేతనుండవలెను – మట్టము తగ్గరాదను అటవీశాఖ చేతనా, మట్టము పెరుగరాదను నీటిపారుదల శాఖ చేతనా, సందర్భమును బట్టి ఇరువైపుల ఒత్తిడి తెచ్చు రైతుసంఘముల చేతనా? దీనికి జీవోలోను, నివేదికలలోను, తీర్మానములోను సమాధానము లేదు.